బాయి అడుగున సల్ల నీళ్లు

మొన్న మా తమ్ముని బిడ్డ స్వప్న వచ్చి, రాయచూరుల మా ఇంట్ల కొన్ని దినాలుండి పోయింది. సముద్రంల పెరిగే నాచు మీద ఏందో పెద్ద చదువు చదివి ఇప్పుడు నార్వే దేశంల పని చేస్తది. పనంటే ఏం పననుకున్నరు? వీపుకు గాలి సీసా కట్టుకొని, కాలి వేళ్ల నుంచి నెత్తి దాకా నల్ల రబ్బరు తొడుక్కొని, మంచుసొంటి సముద్రంల మునుగుడు. స్కూబా డైవింగ్ అంటరంట. కాఫీ తాగుకుంట ఫోను నా చేతిల పెట్టి ఒక్కొక్క జాగ చూపెట్టింది. ఆ తీరం పొడుగుతా మునిగే జాగలే, ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒక తాన పాత పడవ మునిగి ఉంది, దాని కిటికీలల్ల చేపలు సంసారం పెట్టినయ్. ఇంకో తాన రాతి గోడ నిట్టనిలువుగ కిందికి పోతది, దాని నిండ తెల్లటి పూలు అంటుకోని ఉన్నయ్, అవి పూలు కావు పానమున్నవే అంట. ఇంకోటి నాచు అడవి, మన జొన్న చేను లెక్క నిలబడ్డది, గాలికి బదులు నీళ్లకు ఊగుతది. నేను కండ్లద్దాలు సదురుకొని చూస్తనే ఉన్న. "నీకు తెల్వదు గానీ అత్తా, పైన నీళ్లు ఒక తీరు ఉంటయ్. కిందికి పోతే ఒక్కసారి గీత గీసినట్టు సల్ల నీళ్లు షురూ అయితయ్. ఆడ గుండె పట్టుకున్నట్టయితది. కొత్తోళ్లు ఆన్నే వెనక్కి తిరుగుతరు" అన్నది. "తెల్వకేందే నాకు?" అన్న నేను. పిల్ల నవ్వింది. అంతల ఆమె ఫోను మోగింది, లేసి బయటికి పోయింది. నా కాఫీ సల్లారిపోయింది.

తెల్వకేం? నేను పుట్టి పెరిగింది యరగేర అవతల, తెలంగాణ గట్టుకు ఆనుకోని ఉన్న చిన్న ఊరు. సముద్రాన్ని కండ్ల చూసినోళ్లు మా ఊర్ల ఒక్కరు లేకుండిరి. అయినా మునిగే జాగలు మాకూ ఉండె, వాటికీ పేర్లుండె. ఊరి బయట బండలు కొట్టిన గుంత ఒకటి. వానకాలం నిండుతది గానీ అడుగున రాళ్ల మొనలు, దుంకితే మోకాళ్లు పగులుతయ్, దాన్ని మొగపిల్లలకు ఇడిసిపెట్టినం. పటేలోళ్ల మోట బాయి ఇంకోటి. నీళ్లు మస్తు తేటగుండె, మెట్లు లేకుండె, తాడు పట్టుకొని ఎక్కాలె, పటేలు పెండ్లాం చూసిందంటే మా ఏడు తరాలు తిట్టిపోస్తుండె. ఇగ మా అందరిది రాతి బాయి. నాలుగు దిక్కుల బండరాళ్లతో కట్టిన పాత బాయి, ఒక దిక్కు వెడల్పు మెట్లు, ఆ మెట్లు నీళ్ల లోపలికి కూడ పోతనే ఉంటుండె, ఎవరో నీళ్ల కింద కాపురముండేటోళ్లకు కట్టినట్టు. నీళ్లల్ల మెట్ల పక్కన ఒక గూడు, దాంట్ల కొర్రమట్ట చేప. గూడు కింద గోడకు చెక్కిన గుర్రం. దాన్ని చూసినోళ్లు తక్కువ, చేత్తో తడిమినోళ్లు ఎక్కువ. గుర్రం దాటితే సల్ల నీళ్లు, సల్ల నీళ్లు దాటితే అడుగు. అడుగు ముట్టి పిడికెడు బురద తెస్తేనే మా ఊర్ల ఈత వచ్చినట్టు లెక్క. లేకుంటే కప్ప లెక్క పైపైన కొట్టుకున్నట్టే.

పొద్దుగాల మా ఇంట్ల రొట్టెల సప్పుడుతోటి మెలకువ వస్తుండె. మా అవ్వ, అంటే నాయిన తల్లి, పొయ్యి ముందల కూసొని జొన్న రొట్టె తడుతుంటె ఆ సప్పుడు పక్కింటిదాకా ఇనబడుతుండె. పత్తి కట్టె పొగ, పుంటికూర ఉడికిన పులుపు వాసన, అవ్వ నోట్ల ఉన్న తంబాకు వాసన, ఈ మూడు కలిస్తెనే నాకు ఇల్లు. ఇప్పటికీ గ్యాసు పొయ్యి మీద పుంటికూర వండుతుంటె ఏదో తక్కువైందని మూత తీసి మల్ల మల్ల వాసన చూస్తుంట. తక్కువైంది కూరల కాదు. అవ్వ కాడ ఏదన్న దాచుడు మహా కష్టం. బాయికి పోయొస్తే గడప కాడనే నిలబెట్టి ముంజేతి మీద గోరుతో గీకుతుండె. తెల్ల గీత పడిందా, నీళ్లల్ల నానినట్టే. ఒకనాడు తెలివికి పోయి చేతులకు ఆముదం రాసుకొని నిలబడ్డ. అవ్వ గీకింది, గీత పడలే. తల దగ్గరికి గుంజి వాసన చూసింది. "పాచి వాసన. రాతి బాయే. పటేలోళ్ల బాయైతే ఇట్ల కొట్టదు" అని వీపు మీద ఒక్కటి వేసింది. కొట్టుడు కొట్టుడే, ఎంబడే వేడి రొట్టె మీద నెయ్యి పూసి చేతిల పెట్టుడు పెట్టుడే. "కొట్టు, ఈత కొట్టు, ఎన్ని దినాలు కొడ్తవో కొట్టు. పెద్దమనిషివయిన్నాడు బాయి బంద్" అంటుండె. ఆ మాట ఆమెకు మామూలు మాట. నేను రొట్టె సగంల ఇడిసిపెడుతుంటి.

మా మేనత్త తాయమ్మ, నాయిన చెల్లె, ఆ ఇంట్లనే ఉంటుండె. పెండ్లయి పోయింది గానీ మొగుడు సింధనూరు దిక్కు కాలువ పనికి పోయి ఆడనే ఇంకొకామెతోటి సంసారం పెట్టిండు. పెద్దమనుషులు కూసొని మాట్లాడిన్రు, చాయ తాగిన్రు, లేసి పోయిన్రు. అత్త ట్రంకు పెట్టె పట్టుకొని పుట్టింటికొచ్చింది. గప్పటి సంది ఇంటిల్లిపాది బట్టలు ఆమెనే ఉతుకుతుండె, బాయి మెట్ల మీద. ఆమె ఎంబడి నేను. చేతులు బట్టలు కొడుతుండె, కండ్లు మాత్రం నా మీదనే ఉంటుండె. "కుడి దిక్కు పో, గూడు ఆడుంది." "కాళ్లు దగ్గరికి పెట్టు పిల్లా, అట్ల చాపకు." "చెవులు నొస్తున్నయా? ముక్కు మూసుకొని లోపల్లోపల్నే ఊదు." చెవుల సంగతి స్వప్న కూడ అచ్చం ఇట్లనే చెప్పింది, వాళ్లకు అది నేర్పనీకె ఒక బడే ఉందంట. నాకు బడి అత్తనే. చిన్నప్పుడు ఊర్ల ఆమెంత ఈతగత్తె లేకుండెనంట. గుర్రం దాకా పోయిందంట, సల్ల నీళ్లు పాదానికి తగిలి గుండె జల్లుమని వెనక్కి తిరిగిందంట. "రేపు పోదాంలే అనుకున్న సరోజా. తెల్లారి లేస్తే నన్ను మూలకు కూసొబెట్టిన్రు. ఆ రేపు ఇగ రాలే" అంటుండె. అని తడి చీర పిండుతుండె, నీళ్లన్ని కారిపోయినంక కూడ పిండుతనే ఉంటుండె.

ఆ ఎండకాలం బాయిల సప్పుడు తగ్గుకుంట వచ్చింది. నాతోటి పిల్లలు ఒక్కొక్కతే రాకుండ అయింది. నీలమ్మ రాలే. ఎందుకని అడిగితే "ఇగ రాదు" అన్నది వాళ్లమ్మ, ఊరు ఇడిసి పోయినట్టు. తర్వాత ఫాతిమా రాలే. బుర్ఖా లేదు, చీర లేదు, నిన్నటిదాకా నాతోటి గుర్రం మీద కాలు పెట్టిన పిల్ల, వాళ్లింటి తలుపు సందులకెల్లి చూసి చెయ్యి ఊపింది. నాకు భయం పట్టుకుంది. రోజూ పొద్దుగాల లేసి లంగ చూసుకునుడు, ఏం లేకపోతే బాయికి ఉరుకుడు. అడుగు ముట్టాలె, నా వంతు వచ్చేలోపల ముట్టాలె, గదొక్కటే రంది. ఎండకాలం పైన నీళ్లు ఉడుకుడుకుగ ఉంటయ్, స్నానానికి కాగబెట్టినట్టు. గూడు కాడ గోరువెచ్చన. గుర్రం కాళ్లు చేతికి తగిలినయంటే ఇగ చూడాలె, మెడ కాడ ఎండకాలం, పాదాల కాడ చలికాలం. ఛాతీ మీద ఎవరో కూసున్నట్టయి, చేతులు వాటంతట అవే పైకి కొట్టుకుంటుండె. పైకొచ్చి దగ్గుతుంటె అత్త మెట్టు మీద సబ్బు నురగ చేతులు నడుం మీద పెట్టుకొని "ఆడ ఆగుతున్నవ్. ఆగకే. ఆగినవంటే వెనక్కే" అని కోప్పడుతుండె. కోపం నా మీద కాదని నాకు గప్పుడే తెలుసు.

వచ్చింది ఆ దినం. పొద్దుగాల కండ్లు తెరిస్తెనే తెలిసిపోయింది నాకు. తెలిసి, కదలకుండ పడుకున్న, కదలకపోతే అది లేనట్టే అని. అమ్మ చేనుకు పోయింది, అవ్వ పొయ్యి కాడుంది. బొంత మడతపెట్టనీకె వచ్చిన అత్త చూసింది. చూసినంక కేకెయ్యాలె, అది రివాజు: ఎవరు ముందుగాల చూస్తే వాళ్లు ఇంట్ల చెప్పాలె, గప్పటి సంది పిల్ల దేన్నీ ముట్టొద్దు. అత్త కేకెయ్యలే. బొంత అట్లనే చేతిల పట్టుకొని నిలబడ్డది. నాకు ఏడుపొచ్చింది. "అత్తా, నాకు కూడ రేపు రాదా?" అన్న. ఆమె మొకం చూడనీకె కాలేదు. బొంత కింద పారేసింది. "లే. బట్టలు మూటగట్టు. ఇయ్యాల్నే" అన్నది. అవ్వ ముందరికెల్లి పోతుంటె "ఇంత పొద్దుగాల్నే?" అని అడిగింది అవ్వ. "ఎండ ముదురుతది" అన్నది అత్త, ఆగకుండ నడుచుకుంట.

బాయి తోవ పట్టినం. నాకు అడుగు ముట్టుడు కంటే ఇప్పుడు ఇంకో భయం. ఆ దినాలల్ల ఆడమనిషి నీడ కూడ బాయిల పడొద్దంటరు, గంగమ్మకు కోపమొస్తదంటరు. అత్తకు నాకంటే ఎక్కువ భయముండె. చివరి మెట్టు మీద కూసొని దోసిట్ల నీళ్లు తీసి కండ్లకద్దుకుంది. "గంగమ్మా, నీకు తెల్వంది ఏముంది? నువ్వూ ఆడదానివే. పిల్లను లోపలికి రానియ్యి, మల్ల నాకియ్యి" అన్నది, ఎదురుంగ కూసున్న మనిషితోటి మాట్లాడినట్టు. నా లంగ కాసెపోసి గట్టిగ కట్టింది. మెట్టు నుంచి ఊడిన బండరాయి ఒకటి తెచ్చి నా ఒడికి ఆనించింది. "ఇదే తీస్కపోతది. గుర్రం కాడ ఇడువకు. సల్లగ తగిలిందా, ఇంకా గట్టిగ పట్టుకో. కాలు కింద మెత్తగ తగిలినంకనే ఇడువు."

పోయిన. ఉడుకు నీళ్లు పోయినయ్, గూడు పోయింది. గుర్రం నా భుజానికి రాసుకుంది. సల్ల నీళ్లు నడుం దాకా వచ్చినయ్, ఛాతీ దాకా వచ్చినయ్, నెత్తి మీదికెల్లి మూసుకున్నయ్. గుండె పట్టేసింది. రాయిని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్న. చీకటి. చెవులల్ల నొప్పి, ముక్కు మూసి ఊదిన, టప్పున ఇడిసింది. గప్పుడు కాళ్లకు మెత్తగ తగిలింది, పెరుగుల కాలు పెట్టినట్టు. ముట్టిన! రాయి ఇడిసిపెట్టిన, ఎంబడే పైకి రావాలె, కానీ ఒక్క గడియ నిలబడ్డ. అరికాళ్ల కింద ఏదో కదులుతుండె. జల అది, బాయి ఊట. సన్నగ, సల్లగ, నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటుండె. తలెత్తి చూస్తే పైన వెలుగు జొన్న రొట్టెంత ఉంది. చేతికందిన బురద పట్టుకొని తన్నిన.

పైకొచ్చి చూస్తే అత్త మెట్ల మీద లేదు. నడుం దాకా నీళ్లల్ల నిలబడి ఉంది, చీర చుట్టూ తేలుతుంది, ఎప్పుడు దిగిందో ఆమెకే తెల్వదు. "ముట్టినవా?" పిడికిలి తెరిచి చూపెట్టిన. నల్లటి బురద వేళ్ల సందులకెల్లి కారుతుంది. అత్త దాన్ని తన రెండు చేతులల్లకు తీసుకుంది, ప్రసాదం తీసుకున్నట్టు. "ఎట్లుంది పిల్లా? ఎట్లుంది ఆడ?" నా పండ్లు కొట్టుకుంటున్నయ్. "సల్లగుంది" అన్న. నెత్తి మీద ఒక్కటేసింది. "సల్లగుందంట, సల్లగ! గింతేనా?" అని నవ్వింది, నవ్వుకుంట నన్ను గట్టిగ ఒత్తుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చిన, ముట్టిన సంతోషానికి కొంత, ఇగ మల్ల దిగేది లేదని కొంత. ఏది ఎంతనో ఇప్పుడు కూడ చెప్పలేను.

ఇంటికొచ్చి వాకిట్ల నిలబడి అత్త గప్పుడేసింది కేక. "అమ్మా! పిల్ల పెద్దమనిషయింది!" అవ్వ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. నన్ను చూసింది, తడి తలను చూసింది. దగ్గరికొచ్చి వంగి వాసన చూసింది. నా పానం పోయింది. అవ్వ నన్నిడిసి తన బిడ్డ దిక్కు చూసింది, నడుం దాకా తడిసిన చీర దిక్కు చూసింది. "తలకు పోసినవా?" అన్నది. "ఆ, పోసిన" అన్నది అత్త. అవ్వ లోపలికి పోయింది. చాప తెచ్చి మూలకేసింది. ఆ మూలకు కూసున్న దినాలల్ల కొబ్బరి బెల్లం, నువ్వుల ఉండలు అత్తనే తెచ్చి దూరం నుంచి పెట్టి, ఆన్నే గోడకానుకొని కూసుంటుండె. "ఇప్పుడు చెప్పు. గుర్రం దాటినంక ఏమయింది?" నేను చెప్తుంటి. మల్ల అడుగుతుండె, మల్ల చెప్తుంటి.

మల్లేడు వానలు పడలే. బాయి నీళ్లు గుర్రం కిందికి దిగినయ్, ఊరందరు ఆ గుర్రాన్ని కండ్లార చూసిన్రు. అత్త మాత్రం లోపలికి తొంగి చూడలే. "మనమే సరోజా. మైల తగిలింది, గంగమ్మ అలిగింది" అని నా చెవుల చెప్పి, శుక్రారం శుక్రారం బాయి కాడ దీపం పెట్టొస్తుండె. నేను చదువుకొని, పంతులమ్మనయి, కన్నడ బడిల పిల్లలకు భూగోళం చెప్పేదాకా ఆ దీపం పెడుతనే ఉండె. అప్పటికి ఊరి చుట్టూ బోర్లు పడ్డయ్, పటేలోళ్ల బాయి ఎండింది, బండల గుంత ఎండింది. "పటేలోళ్ల బాయిల మనం మునగలే గద అత్తా, అదెందుకెండింది?" అంటే "అట్లనా" అన్నది. దీపం మాత్రం మానలే. నాకు కవితాళల కొన్నేండ్లు, జవళగేరల కొన్నేండ్లు నౌకరి. జవళగేర అంటే యాడ చూసినా నీళ్లే, వరి మళ్లే. బడి ముందరనే కాలువ. సాయంత్రం గంట కొట్టినంక గట్టు మీద నిలబడుతుంటి. ఆంధ్ర నుంచి వచ్చి వ్యవసాయం చేసుకునే ఒకామె రోజూ చూసి, "ఏంటండీ టీచరుగారూ, కాలవకేసి అలా చూస్తారు, ఏవన్నా పారేసుకున్నారేంటండీ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, నీళ్లు పోతున్నయ్ గద, చూస్తున్న" అన్న. అన్ని నీళ్ల పక్కన అన్నేండ్లుండి మోకాలు తడవనీయలే నేను. పంతులమ్మ కాలువల దుంకితే ఊరు ఊరుకుంటదా?

రాతి బాయి ఇప్పుడు ముండ్లకంపతోటి, ప్లాస్టిక్ కవర్లతోటి నిండింది. పోయినేడు చూసొచ్చిన, ఎందుకు చూసిన్నా అనిపించింది. ఈ సంగతులు స్వప్నకు చెప్పుదామనే అనుకున్న. చెప్పబోతే, ఆమె నన్ను ఈత కొలనుకు రమ్మని బతిమాలుడు షురూ చేసింది. ఆడోళ్లకు వేరే టైముందంట. చీర కట్టుకొని దిగనియ్యరంట, దానికి వేరే బట్టలంట. ఈ వయసుల ఆ బట్టలేసుకొని నేను! అని నవ్వి తీసేసిన. నవ్విన గానీ ఆ రాత్రి బట్టలు ఎట్లుంటయో అని ఆలోచించిన. ఆమె ఒంటి మీద ఆ నల్ల రబ్బరు చూస్తే నాకు కుళ్లు పుట్టిన మాట నిజం. ఎవ్వరి అనుమతి అడగకుండ, నెల దినం చూసుకోకుండ, ఇష్టమొచ్చిన జాగకు పోయి మునిగొస్తది. పోనీ, అట్లనే మునగనీ. మా ఇంటి ఆడపిల్ల ఒక్కతన్న నీళ్లల్లనే ఉండనీ.

అత్త ఇప్పుడు నా తాననే ఉంటది. ఆమె మొగుడు పోయిండు, అవ్వ పోయింది, అమ్మా నాయినా పోయిన్రు, ఆమెకు నేను, నాకు ఆమె. యాది తగ్గింది. ఒక్కోసారి నన్ను "అమ్మా" అంటది, బట్టలు ఆరినయా అని అడుగుతది. ఇన్నేండ్లల్ల నేను సెలవులకు ఇంటికొచ్చిన ప్రతిసారి ఆమె అడిగేది ఒక్కటే, "అడుగున ఎట్లుండె చెప్పు" అని. ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే తెల్వదు. ఈ మధ్య అడుగుడు మానింది. మరిచిపోయిందనుకున్న.

స్వప్న పోయే దినం పొద్దుగాల అత్తను ఎండల మంచం మీద కూసొబెట్టి తలకు నూనె రాస్తుంది. నేను పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న. "నువ్వు నీళ్లల్ల మునుగుతవంట గద పిల్లా" అన్నది అత్త. "ఆ తాయవ్వా, మునుగుత." "నేనూ మునిగిన." స్వప్న చేతులాగినయ్. "అవునా? యాడ?" "మా రాతి బాయిల. రాయి పట్టుకొని పోయిన. గుర్రం దాటిన. సల్ల నీళ్లు గుండె పట్టుకున్నయ్, నేను ఆగలే. కాళ్లకు మెత్తగ తగిలింది, పెరుగుల పెట్టినట్టు. అరికాళ్ల కింద జల కొట్టుకుంటుండె. పైన వెలుగు రొట్టెంత." అన్నీ నా మాటలే, ఒక్కటి తప్పిపోలే. తర్వాత అత్త కండ్లు మూసుకుంది. "ఆడ ఎంత నిమ్మళమో తెలుసా పిల్లా. ఎవ్వరూ పేరు పెట్టి పిలువరు. నాకు పైకి రాబుద్ధి కాలే" అన్నది. ఆ మాట నేనెన్నడూ చెప్పలే.

స్వప్న నా దిక్కు తిరిగింది. "నిజమా అత్తా? తాయవ్వ నిజంగనే అడుగు ముట్టిందా?" అత్త కూడ కండ్లు తెరిచి నా దిక్కే చూస్తుంది, ఏమంటనో అని.

"ముట్టింది" అన్న. "నేను మెట్ల మీద కూసొని చూసిన."